కొబ్బరికాయ నాడి

మా మేనత్తకు మానుకోటలో హోల్‌సేల్ కిరాణా దుకాణం ఉంది. పొద్దున గల్లా ముందు కూర్చుంటే రాత్రి షట్టర్ దించేదాకా లేవదు. ఒకసారి ఛాతీ పట్టేసినట్టయి దవాఖానకు పోతే మందులిచ్చి, రోజూ సాయంత్రం గంటసేపు నడవమన్నారు. ఆయాసం వస్తే మాత్రం వెంటనే రమ్మన్నారు. అత్తను నడిపించే పూచీ నేను తీసుకున్నాను. నాడి చూసే పట్టీకి నేను గీసిన సర్క్యూట్ మీద నాకప్పుడు ఒళ్లంతా గర్వం.

నేను హైదరాబాదులో చేతికి కట్టుకునే నాడి పట్టీల లోపలి సర్క్యూట్లు గీస్తాను. పట్టీ అడుగున చిన్న పచ్చ దీపం మిణుకుతుంది. చర్మం కింద రక్తం పొంగినప్పుడల్లా వెనక్కి వచ్చే వెలుగు ఇసుమంత తగ్గుతుంది. ఆ ఇసుమంతే నాడి. బయటి వెలుతురు కలవకుండా దీపం ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి చూసి, రెండో దాంట్లోంచి మొదటిది తీసేయాలి. దీనికి కరెంటు ఖర్చు. కరెంటు దగ్గర నేను పరమ పిసినారిని. పట్టీ చర్మానికి అతుక్కునే ఉంటుంది కదా, బయటి వెలుతురు ఎక్కడిదని ఆ దీపమార్పి చూసే చూపును ఎత్తేశాను. బ్యాటరీ రెండు రోజులు ఎక్కువ వచ్చింది. ఆఫీసులో కాలరెగరేశాను.

మచ్చు పట్టీ ఒకటి తెచ్చి అత్త చేతికి కట్టాను. లెక్క నా ఫోన్‌కు వచ్చేది. మూడు వారాలు, రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా తొంభై రెండు, చెక్కు చెదరకుండా. ఆ వయసులో అంత నిలకడ చూసి నాకే ముచ్చటేసింది. రోజూ ఫోన్ చేసి నీ గుండె భేషుగ్గా ఉందత్తా అనేవాణ్ని. ఫోన్‌లోని ఆ నాడి గీతను మీటింగులో చూపించి, చిప్ తయారీకి పంపడానికి అందరినీ ఒప్పించాను కూడా. మనిషి నాడి అంత నిలకడగా ఉండదని అక్కడున్న మేధావులెవరికీ తట్టలేదు, నాతో సహా.

ఒక శనివారం చెప్పకుండా రైలెక్కాను. మానుకోటలో దిగేసరికి ఆరున్నర. ఫోన్‌లో అత్త తొంభై రెండు మీద హుషారుగా నడుస్తోంది. దుకాణంలో అత్త కూర్చుని మిరపకాయల బేరం చేస్తోంది. పక్కన ట్యూబులైటు కింద ఒక కొబ్బరికాయ, దాని పిలకకు నా పట్టీ.

ట్యూబులైటు మన కంటికి నిలకడగా వెలుగుతున్నట్టే ఉన్నా సెకనుకు వంద సార్లు మిణుకుతుంది. నా సర్క్యూట్ ఆ మిణుకుల్లో కొన్నింటిని చూసి, చాలావాటిని వదిలేసి, చూసిందాన్ని నాడి అనుకుంది. నేను ఎత్తేసిన చూపు ఉండి ఉంటే మొదటి నిమిషంలోనే దొంగ దొరికేది.

అత్త తడబడలేదు. స్నానానికి పోతూ పట్టీ తీసి ట్యూబులైటు కింది కొబ్బరికాయల మీద పెడితే పట్టీ మీద అంకె ఆగకుండా వచ్చిందట. అప్పట్నుంచి తన బదులు కాయను వాకింగుకు పంపుతోంది. కాయలు అమ్ముడుపోతాయి కాబట్టి రోజుకొకటి డ్యూటీ ఎక్కేది. నాకు నవ్వాగలేదు. నవ్వయ్యాక కోపం వచ్చి, ఇదంతా ఎందుకు చేశావని గట్టిగా అడిగాను. గిరాకీ పోయేదాకా ఆగి మెల్లగా చెప్పింది.

“నాలుగడుగులేస్తే ఆయాసమొస్తాందిరా. గా సంగతి నువ్వు సూస్తే దవాఖానకు గుంజుకపోతవని.”

నా పైప్రాణాలు పైనే పోయాయి. తెల్లారి వరంగల్ దవాఖానకు తీసుకుపోయాను. రోజూ నడుస్తున్నారా అని డాక్టర్ అడిగారు. అత్త ఒకసారి నా మొహం చూసింది.

“లేదు సారూ, అబద్ధమాడిన. నేనొక్కదాన్నే గాదు, వీని మిషిన్ గూడ ఆడింది.”

నర్సు నవ్వింది. డాక్టర్ నవ్వలేదు. పరీక్షలు చేసి, గుండె రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందని ఆ రోజే స్టెంటు వేశారు. నేను బయట బెంచీ మీద కూర్చుని ఆఫీసుకు మెయిల్ రాశాను. చిప్ ఆపండి, మీకు చూపించిన గీత కొబ్బరికాయది అని. అది రాయడానికి నాకేమీ సిగ్గేయలేదు. మూడు వారాలు రోజూ ఫోన్ చేసి, అత్త గుండె బాగుందని ఆమెకే చెప్పినందుకు వేసింది.