కానుగ నూనె పూత

మదనపల్లెలో మా చిన్నాన్నకు చిన్న షెడ్డు ఉండేది. ఇనుప తొట్లకు తుప్పు పట్టకుండా ఎపాక్సీ పూత పూసేవాడు. తొంభైల చివరికి ఆ రసాయనాలు ఆయన చేతుల్ని తినేశాయి. వేళ్లన్నీ పగిలి రసి కారేది. గ్లవ్స్ తొడుక్కోమంటే, "చెయ్యి తగలకుంటే పూత సమంగా ఉండాదో లేదో ఎట్ల తెలుస్తాది?" అనేవాడు. పని మానకపోతే చేతులు దక్కవని డాక్టరు తేల్చేశాడు. ఆయనకు ఇంకో పని రాదు.

నేను కుప్పంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. గింజల నూనెల నుంచి కూడా ఎపాక్సీ చేయొచ్చని చదివి మొండిపట్టు పట్టాను. పుంగనూరులో ఆడించిన కానుగ నూనెను ల్యాబులో నానా తంటాలు పడి ఎపాక్సీగా మార్చాను. గట్టిపడడానికి ఘాటు హార్డెనర్ బదులు వంటింటి నిమ్మ ఉప్పు కలిపాను. చిన్నాన్న దాన్ని రేకుకు పూసి, అలవాటు కొద్దీ ఎండలో పెట్టాడు. సాయంత్రానికి బెల్లం పాకంలా వేలికి అంటుకుంది. నాకు ఏడుపొచ్చింది. దానికి ఎండ చాలదు, గంటల తరబడి నిలకడైన వేడి కావాలి. ల్యాబు ఓవెన్‌లో గోరంత ముక్క గట్టిపడింది సరే, తొట్టి పట్టే ఓవెన్ మాకెవరిస్తారు?

షెడ్డు పక్కింటామె పట్టుగూళ్లు ఉడికించి దారం తీసేది. ఆమె పొయ్యి పొద్దంతా ఆరదు. గూళ్లు ఉడికే కంపు ఆమెకు లెక్కలేదు గానీ, చిన్నాన్న డబ్బా మూత తీస్తే చాలు, పట్టుకు వాసన అంటుతుందని తిడుతూ కిటికీ మూసేది. తప్పక ఆమెనే అడిగాం. కొత్త పూత పూసిన రేకును ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఏమప్పా, వాసనే ల్యాకుండా ఉండాదే! ఆ పొయ్యి గట్టు మీద పెట్టుకో పో. పట్టు చెడిందంటే మాత్రం ఊరుకోను."

మర్నాడు పొయ్యి ఆర్పాక రేకు తీశాం. తేనె రంగులో తళతళలాడుతోంది. చిన్నాన్న సుత్తితో ఒక్కటేశాడు. రేకు సొట్టపడింది, పూత చిట్లలేదు. రోడ్డు పక్కన మన కాళ్ల కింద నలిగే కానుగ కాయల్లో ఇంత బలమా! సమీకరణం రాసిందాన్ని నేనే అయినా నమ్మలేక గోటితో గీకి చూశాను.

చిన్నాన్న షెడ్డులో తొట్లు పట్టేంత అలాంటి పొయ్యే కట్టించుకుని, పాత డబ్బాలు మానేశాడు. తర్వాతి సెలవుల్లో వెళ్లినప్పుడు అందరం భోజనానికి కూర్చున్నాం. ఏడాదిగా పిన్నమ్మ కలిపి నోట్లో పెడితే తింటున్న మనిషి, ఆ రోజు కంచం తనవైపు లాక్కున్నాడు. ఎండుమిర్చి నూరిన ఎర్రటి ఊరుబిండిలో సంగటి ముద్ద అద్దుకుని మింగి, తన వేళ్లనే చూసుకున్నాడు.

"మంట ల్యాదు మే," అన్నాడు.

పిన్నమ్మ ఇంకో ముద్ద వేసి, ఊరుబిండి గిన్నె ఆయన ముందుకు జరిపింది.