పిన్ని గొంతుకి నేను చేసిన వైద్యం

ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో ఉండే ధైర్యం మనిషికి ఆ తర్వాత ఎప్పుడూ ఉండదు. రాజమండ్రిలో ఒక చిన్న స్టూడియోలో పాటలు మిక్సింగ్ చేసే పని దొరికి నెల తిరక్కుండానే, ఎలాంటి గొంతునైనా బాగుచేయగలనని గట్టి నమ్మకం కుదిరింది (నాకొక్కదానికే). సరిగ్గా అప్పుడే నరసాపురం నుంచి పిన్ని, బాబాయి మా ఇంటికి వచ్చారు. వాళ్ల చుట్టుపక్కల ఏ పెళ్లయినా మంగళహారతి పిన్నే పాడాలి. ఆ పాటొకటి మా స్టూడియోలో రికార్డు చేశాం.

పిన్నిది కమ్మని గొంతు. పై స్థాయికి వెళ్తే మాత్రం చెవిలో సూది గుచ్చినట్టుండేది. ఆ సూది ఎక్కడుందో కంప్యూటర్లో వెతికి పట్టుకుని, ధ్వనిలో ఏ భాగాన్నైనా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో ఆ భాగాన్ని పాట మొదటి నుంచి చివరిదాకా తగ్గించి పారేశాను. దాంతోపాటు గొంతులో మెరుపు కూడా పోయి, జలుబు చేసినట్టు మూసుకుపోయిందని నాకు తట్టలేదు. ఇంటికి తెచ్చి గర్వంగా వినిపించాను.

"గొంతు పోయిందే నాది. వచ్చే నెల పెళ్లికి ఇంకెవరినైనా పిలుచుకోమంటాను," అంది పిన్ని.

అప్పుడు వెలిగింది నాకు. లోపం నా పనిలోనే ఉందని ఎంత చెప్పినా, "నన్ను ఓదార్చకే," అని కొట్టిపారేసింది.

బాబాయి టీవీ చూస్తూ, ప్రకటనలు రాగానే రిమోట్‌తో సౌండు తగ్గిస్తున్నారు, సీరియల్ రాగానే పెంచుతున్నారు.

"ఒకేసారి తగ్గించి ఊరుకోవచ్చు కదండీ," అంది పిన్ని విసుగ్గా.

"అప్పుడు సీరియల్ ఏం వినపడుతుందే? అరిచినప్పుడే కదా నొక్కాలి," అన్నారాయన.

నేను లేచి చెప్పులేసుకుని స్టూడియోకి బయల్దేరాను. మా స్టూడియోలో డైనమిక్ ఈక్వలైజర్ అనేదొకటి ఉంది. పేరు గంభీరంగా ఉందని అప్పటిదాకా దాని జోలికి పోలేదు. తీరా చూస్తే అది చేసేదీ బాబాయి చేసిన పనే. గొంతు మనం పెట్టిన హద్దు దాటి గుచ్చుకున్నప్పుడు మాత్రమే ఆ భాగాన్ని అణుస్తుంది, దిగగానే వదిలేస్తుంది. (మొదట హద్దు మరీ కిందికి పెట్టి పిన్నికి మళ్లీ జలుబు తెప్పించాను.)

మర్నాడు పిన్నిని స్టూడియోకి లాక్కెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టాను. పాట పై స్థాయికి చేరేసరికి ఆవిడ చెయ్యి దానంతటదే తాళం వేయసాగింది.

"రెండో చరణంలో ఊపిరి తీసుకోవడం వినపడుతోంది. అది మళ్లీ పాడతానే," అంది, గది అదిరేలా.

"మరి ఆ పెళ్లికి?"

"నేనే వెళ్తాను. ఇంకెవరు పాడతారేంటి?"

ఇప్పుడు నాకు పని అప్పటికంటే చాలా బాగా వచ్చు. ఏ గొంతునైనా ముట్టుకునే ముందు పదేపదే వింటాను, కాస్త భయపడతాను కూడా. అయినా అంత హాయిగా, అంత నిబ్బరంగా ఒక పాటని పాడుచేయడం మాత్రం ఇక నావల్ల కాదు.