మా బావగారి టీ కణాలు

సార్స్ గురించి పేపర్లు రోజూ రాస్తున్న 2003 ఎండాకాలంలో మా బావగారు సింగపూర్ చూసి గుడివాడ వచ్చారు. వచ్చీ రాగానే జ్వరం, దగ్గు. ఆయన రైసుమిల్లు యజమాని. తనకు తెలియని విషయం లోకంలో లేదని ఆయన నమ్మకం. అలాంటి మనిషి మంచం మీద ముడుచుకుని, "నేను పోతానేమోనే" అంటూ అక్క చెయ్యి వదల్లేదు. బందరు కాలేజీలో జువాలజీ చెప్పుకునే నన్ను కూడా ఫోన్ చేసి రప్పించారు.

డాక్టరుగారు ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయించారు.

"సార్స్ ముదిరినవాళ్లకి రక్తంలో లింఫోసైట్లనే తెల్లకణాలు పడిపోతున్నాయటండీ, ముఖ్యంగా టీ కణాలు. వైరస్ పట్టిన కణాల్ని చంపేవి అవే. మీకు లింఫోసైట్లు నిక్షేపంగా ఉన్నాయి. ఇది మామూలు జ్వరమే" అన్నారు.

బావగారి చెవికి 'నిక్షేపంగా' ఒక్కటే ఎక్కింది. మంచం దిగింది మొదలు, సార్స్ తనకు వచ్చిందనీ, తన టీ కణాలు దాన్ని చీల్చి చెండాడాయనీ ఊరంతా చెప్పుకొచ్చారు.

"మీకు టీ కణాలు విడిగా లెక్కపెట్టనే లేదు బావగారూ. అసలు మీకు సార్స్ రాలేదు" అన్నాను.

"రాకపోతే ఎలా తగ్గిందమ్మా?" అన్నారు జాలిగా చూసి.

మిల్లర్ల మీటింగులో ఆయనకు శాలువా కప్పారు. గడ్డపెరుగు తిన్న ఒంటికీ, బ్రెడ్డు తిన్న ఒంటికీ టీ కణాల్లో ఎంత తేడా ఉంటుందో ఆయన ఉపన్యాసం ఇచ్చారు. చదువుకున్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రమే, ఆయనకు సేవలు చేసిన అక్కకు జ్వరం వచ్చింది. బావగారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇది వేరే రకంలా ఉంది. నేను అవనిగడ్డ వెళ్లి తమ్ముడింట్లో ఉంటా."

"మీకు టీ కణాలున్నాయిగా?" అన్నాను.

"ఉన్నాయి గానీ, ఎందుకొచ్చిన రిస్కమ్మా" అంటూ కారెక్కేశారు.

అక్కకు నేను చారన్నం పెట్టాను. డాక్టరుగారు ఇచ్చిన మాత్రలతో నాలుగైదు రోజుల్లో తేరుకుంది. దగ్గు పూర్తిగా పోయిందని ఫోన్లో రెండుసార్లు రూఢి చేసుకున్నాక, బావగారు అరటిపళ్ల గెలతో దిగారు. వచ్చీ రాగానే పక్కింటాయనతో అరుగు మీద మొదలుపెట్టారు.

"నా ఒంట్లో చావుదెబ్బ తిని వెళ్లింది కదండీ వైరస్. అందుకే మా ఆవిడ బతికింది."

అక్క ఆ మాట విని, చీర మార్చుకుని, నాతోపాటు బందరు బస్సెక్కింది.