గెట్టు లేని డిస్కు

మెట్‌పల్లిలో నేను పెళ్లికార్డులు టైపు చేసే షాపులో కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా ఒక పెద్దాయన వచ్చేవాడు. విండోస్ మళ్లీ ఎక్కించే ముందు హార్డ్ డిస్కును రెండు భాగాలు చేయాలి కదా, అప్పుడు కళ్లు చికిలించి, గాలిలో వేలితో గీత గీస్తూ అడిగేవాడు: "గెట్టు ఏడ పెడుదాం, బిడ్డా?"

పొలం గెట్టు జానెడు జరిగిందని సొంత అన్నతో ఆయనకు పదేళ్లుగా మాటల్లేవు.

ఒకరోజు పాత భాగాలు చెరిపేశాడు. ఖాళీ తెరను, మంచు కప్పిన పొలాన్ని చూస్తున్నట్టు, చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

"ఒక్క మీట నొక్కితే గెట్టు పాయె, సూడు."

ఆ రోజు వేలు గాలిలోకి లేవలేదు. డిస్కంతా ఒకటే భాగం చేశాడు.

"గెట్టు పెట్టవా, కాకా?"

"వద్దు బిడ్డా. గిదొక్కటన్న గెట్టు లేకుంట ఉండనీ."