సున్నం పడవలో పొయ్యి

ఆ కబురు మొదట నా చెవిన వేసింది మా చిన్నకోడలు. మొన్న శనివారం సాయంత్రం దీపం పెట్టి, చేతికంటిన నూనె ఇంకా తుడుచుకోకముందే ఫోను పట్టుకుని పూజగది గుమ్మంలోకి వచ్చింది. "అత్తయ్యా, ఇది చూశారా? కృష్ణలో ఇళ్ళ పడవలు తిప్పుతారంట. మంచాలు, ఏసీలు అన్నీ పడవలోనేనంట. వంటవాళ్ళు కూడా ఉంటారంట, అందరూ మగాళ్ళే!" అంది. ఆ చివరిమాట వినేసరికి నాకు నవ్వు ఆగలేదు. పీట మీద కూలబడి నవ్వుతుంటే పాపం ఏమైందోనని మంచినీళ్ళు తెచ్చింది. "మగవాళ్ళు వండే పడవ నీకు కొత్త గానీ నాకు కాదమ్మా. మీ మామయ్యగారు నా మెడలో తాళి కట్టకముందే ఎక్కి దిగాను" అన్నాను. ఆ తర్వాత కథ చెబుతూ కూర్చుంటే ఆ పూట మా ఇంట్లో అన్నం రెండు గంటలు ఆలస్యమైంది. ఆమెకు చెప్పింది మీకూ చెబుతాను. నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాను. మా తాతయ్య వసారాలో కూర్చోబెట్టి పలక మీద దిద్దించిన అక్షరాలే నా చదువంతా. ఎక్కడైనా తడబడితే పెద్దమనసుతో సర్దుకోండి.

మాది తిరువూరు. మెట్టప్రాంతం. చెరువు నిండితే వరి, నిండకపోతే మిరప, పత్తి. నీళ్ళంటే మాకు చేదతో తోడుకునేవే గానీ ఎదురుగా నడిచి వెళ్ళేవి కావు. అలాంటివాళ్ళకు పడవ ప్రయాణం ఎలా అబ్బిందంటే, మా నాయనమ్మ తమ్ముడికి బెజవాడలో సరుకు పడవలు ఉండేవి. ఏలూరు కాలవ మీద సున్నం బస్తాలు వేసేవాడు. మాఘమాసం చివర సరుకు కాస్త పలచబడ్డప్పుడు, అక్కగారి మీద ప్రేమకొద్దీ పైన కప్పు ఉన్న ఒక గూటిపడవను ఖాళీ చేయించి, కడిగించి, "అయిదు రోజులు మీ ఇష్టం అక్కా" అని ఇచ్చేవాడు. రెండున్నర రోజులు ఏలూరు దాకా, రెండున్నర రోజులు వెనక్కి. అది డెబ్బైల మాట. మేం పిల్లాపెద్దా కలిసి పదకొండుమందిమి. ఎంత కడిగినా అది సున్నం పడవే. గోడకు ఆనుకుంటే వీపు తెల్లగా, నేల మీద పడుకుంటే జుట్టు తెల్లగా అయ్యేవి. మొదటిరోజు సాయంత్రానికల్లా మేం పిల్లలం కూడా ముసలివాళ్ళలా తయారయ్యేవాళ్ళం. దానివల్ల సుఖపడింది తాతయ్య ఒక్కడే. ఆయన తాంబూలానికి సున్నపుకాయ తెచ్చుకునే పని లేదు. తమలపాకు వెనక్కి తిప్పి పడవ గోడ మీద ఒకసారి రాస్తే సరిపోయేది.

ఆ పడవకు ఒక నియమం ఉండేది. దాని పొయ్యి ఆడవాళ్ళు ముట్టకూడదు. మొదటి ఏడు పడవ కదిలిన గంటకే పడవ నడిపే సరంగు వచ్చి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, "ఇది పడవ కట్టుబాటండి. పొయ్యి మగోళ్ళే రాజెయ్యాల. లేకపోతే గంగమ్మకి కోపం" అని చెప్పాడట. నాయనమ్మ దైవం మాటకు ఎదురాడే మనిషి కాదు. అక్కడికక్కడే అమ్మ చేతిలో గరిటె తీసుకుని తాతయ్య చేతిలో పెట్టేసింది. అప్పటిదాకా మా ఇంటి మగవాళ్ళు వంటింట్లోకి వచ్చేది అన్నానికి, అగ్గిపెట్టెకు మాత్రమే. ఆ రోజు నుంచి ఏటా అయిదు రోజులు తాతయ్య, పెదనాన్న, నాన్న వండాలి, మిగతావాళ్ళం తినాలి. ఏది ఎక్కువ కష్టమో ఇప్పటికీ తేల్చి చెప్పలేను.

ఆ అయిదు రోజులు ఎవరికి అవసరమో చెబితేగానీ ఈ కథ మీకు అందదు. మా అమ్మ పదిహేనో ఏట ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. పెద్దమ్మకు ఆయాసం, పొగ తగిలితే ఊపిరందేది కాదు. అందుకని పొయ్యి అంతా అమ్మ మీదే పడింది. ఇంట్లో పదకొండుమంది, పాలేర్లు ఇద్దరు, మిరపకాయల కోతల్లో కూలీలు పదిహేనుమంది. ఒళ్ళు వెచ్చబడినా, పురిటి నెల వెళ్ళగానే అయినా, అమ్మ కట్టెలపొయ్యి ముందు కూర్చోని రోజు ఉండేది కాదు. ఏడాది మొత్తంలో అమ్మ చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుని నేను చూసింది ఆ పడవలోనే. పడవ ముందు భాగాన ఒక చెక్కపెట్టె ఉండేది. పొద్దున్నే నీళ్ళు పోసుకుని దాని మీద కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేచేది. నీళ్ళకేసి చూస్తూ ఉండేది. ఏం చూస్తున్నావమ్మా అంటే, "ఏమో, పోతున్నాయి కదా, చూస్తున్నా" అనేది.

ప్రయాణం నెల ముందు నుంచే మొదలయ్యేది. మగవాళ్ళ వంట సాధన పశువుల కొట్టంలో జరిగేది, ఆడవాళ్ళు చూస్తే నామోషీ అని. కొట్టంలో పొగ లేచినప్పుడల్లా గేదెలు అరిచేవి, అమ్మ, పెద్దమ్మ కిటికీ దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. పెదనాన్నకు వ్యవసాయం తప్ప వేరే లెక్క తెలియదు. ఎరువు ఎకరానికి ఇంత అన్నట్టే ఉప్పు మనిషికి ఇంత అని తేల్చి, పదకొండుతో హెచ్చవేసి, అంతా ఒకేసారి చేతిలోకి తీసుకుని, పొలంలో యూరియా జల్లినట్టు వెనక్కి నడుస్తూ జల్లేవాడు. సగం గిన్నెలో పడేది, సగం గేదెల కుడితిలో. గేదెలు మాత్రం ఏమీ అనలేదు.

పెదనాన్నకు ఈ యాత్ర అంటే కంటగింపు. ఏటా కొత్త సాకు. ఒక ఏడు నడుం పట్టింది. ఇంకో ఏడు "పెనుగొలనులో మా బావమరిది కాయ కోయిస్తున్నాడు, నేను లేకపోతే ఎలా?" అన్నాడు. "నువ్వు ఉంటేనే వాడికి ఇబ్బంది, పద" అంది నాయనమ్మ. నాయనమ్మ సామాను వేరే. ఇంటి బావి నీళ్ళు తప్ప ఒంటికి పడవని రెండు ఇత్తడి బిందెలకు నీళ్ళు నింపి, మూతికి గుడ్డ కట్టి బస్సుకు తెచ్చేది. ఒకసారి కండక్టరు బిందె మీద వేలితో కొట్టి అడిగాడు.

"ఏంటి మామ్మగారూ ఇది?"

"నీళ్ళు."

"ఎక్కడికండీ?"

"కృష్ణకి."

కండక్టరు బిందె వంక, నాయనమ్మ వంక చూసి, "పోనీలెండి, ఈ ఏడు వానలు తక్కువే, కృష్ణమ్మకి ఆసరాగా ఉంటాయి" అని టికెట్టు లేకుండానే ఎక్కించాడు. మైలవరం దాటేసరికి కుదుపులకు ఒక బిందె సగం నాన్న చొక్కా మీదకి వచ్చింది. నాన్న కిటికీలోంచి చొక్కా పిండుకున్నాడు. నాయనమ్మ మాత్రం "బావి నీళ్ళేగా, మంచిదే" అంది.

నేను చెప్పదలచుకున్నది నాకు పదకొండో ఏట జరిగిన ప్రయాణం. ఆ ఏడు అమ్మకు టైఫాయిడ్ వచ్చి తగ్గి నెలే అయింది. జుట్టు ఊడి, మనిషి సగమైంది. అయినా ఇంట్లో పొయ్యి ముందు అమ్మే. రోజులు లెక్కపెట్టుకుంటూ పడవ ఎక్కింది. మొదటిరోజు పెదనాన్న చేసిన పప్పు గరిటెకు అంటుకుని ఎంత విదిలించినా ఊడలేదు. గరిటె పైకెత్తితే గిన్నె కూడా లేచింది. రెండోరోజు నాన్న ఉప్మా చేస్తే, అందులో సున్నం పడిందో, సున్నంలోనే ఉప్మా పడిందో తేలలేదు. పిల్లలం అమ్మ చుట్టూ చేరి, "నువ్వు వండవే" అని ఏడుపు మొదలుపెట్టాం. అమ్మ లేవబోతే నాయనమ్మ కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. "గంగమ్మకి కోపం వస్తుంది. నీకేం, హాయిగా చూడు" అంది. గరిటె విదిలించుకుంటున్న పెదనాన్నకు ఆ గంగమ్మ మీద అప్పుడే అనుమానం మొదలైనట్టుంది.

రెండోరోజు మధ్యాహ్నం ఒక లాకు దగ్గరకు వచ్చాం. లాకు అంటే రెండు పెద్ద తలుపుల మధ్య పడవను నిలిపి నీళ్ళు తగ్గిస్తారు. పడవ మెల్లిగా, మనకు తెలియకుండానే కిందికి దిగుతుంది. దిగువ తలుపులు తెరుచుకుని మేం బయటికి వచ్చేసరికి, పైకి రావడానికి ఒక ఉప్పు పడవ గట్టున కట్టేసి కాచుకుని ఉంది. దాని వెనక భాగాన ఒక పొయ్యి. పొయ్యి ముందు ఎర్రచీర కట్టుకున్న ఒక ఆడమనిషి చేపలపులుసు కలుపుతోంది. ఆ వాసనకు మా పడవలో అందరం ఒక్కసారి ఆ పక్కకు తిరిగాం. పడవ కూడా కాస్త ఒరిగింది. ఆ మనిషి తలెత్తి మా సరంగును చూసి, "ఏవయ్యో, రెండ్రోజులకే అంత పీక్కుపోయావేంటి? తిండి పెట్టట్లేదా అక్కడ?" అని గట్టిగా అరిచింది.

పెదనాన్న చేతిలో వంకాయ, కత్తి అలాగే ఉండిపోయాయి. "ఎవరు సరంగూ ఆవిడ?"

"మా ఇంటిదండి. ఆళ్ళ అన్న పడవండి అది."

"పొయ్యి దగ్గర కూర్చుందే?"

సరంగు కాలవలోకి చూశాడు, ఆకాశంలోకి చూశాడు. "అది ఉప్పు పడవండి."

"అయితే?"

"మనది సున్నం పడవండి."

పెదనాన్న మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ పగ తీరినవాడిలా కత్తి కింద పెట్టి, "కట్టుబాటూ లేదు, గంగమ్మ కోపమూ లేదు. అమ్మాయ్, రా, ఇక గరిటె అందుకో. నాలుగు మెతుకులు తిని బతుకుతాం" అన్నాడు అమ్మతో. అమ్మ చెక్కపెట్టె మీద నుంచి లేచి కొంగు నడుముకు చుట్టుకుంది. చుట్టుకుంటూ ఒకసారి నీళ్ళకేసి చూసింది. మిగిలిన మూడున్నర రోజులే కాదు, ఇక వచ్చే ఏళ్ళన్నీ ఆ ఒక్క క్షణంలో పోతున్నాయని నాకే తెలిసిపోయింది, అమ్మకు తెలియదా?

అప్పుడు పొయ్యి ముందు ఉన్నది తాతయ్య. పులుసు పెడుతున్నాడు. పొగకు కళ్ళు ఎర్రబడి, మీసం మీద మసి. ఆయన వెనక్కి తిరగకుండానే, "కూర్చో అమ్మా" అన్నాడు. "పులుసు మరుగుతోంది. మధ్యలో చెయ్యి మారితే రుచి పోతుంది."

"ఉంటేగా పోవడానికి" అంది నాయనమ్మ.

"నాన్నా!" అన్నాడు పెదనాన్న.

"నువ్వు వంకాయలు తరుగు" అన్నాడు తాతయ్య. అంతే. పెదనాన్న మళ్ళీ కత్తి అందుకున్నాడు. ఆ పులుసు ఎలా ఉందని మాత్రం నన్ను అడక్కండి. అమ్మ మూడుసార్లు వేయించుకుని తింది.

సాయంత్రం పడవ గట్టుకు కట్టాక సరంగు నాయనమ్మ దగ్గరకు వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు. నేను పక్కనే వత్తులు చేస్తున్నాను. "అబద్ధం ఆడానండి, తప్పైపోయింది" అన్నాడు. మొదటి ఏడు పడవ కదలగానే మేమంతా కేకలేసుకుంటూ ముందుకు పరిగెత్తామట. అమ్మ ఒక్కతే లోపల, నీళ్ళకు వీపు పెట్టి, పొయ్యి ఊదుకుంటూ కూర్చుందట. కాలవ ఎలా ఉంటుందో అప్పటికి ఒక్కసారైనా తలతిప్పి చూడలేదట. "అంత దూరం వచ్చి ఆ తల్లి కాలవ చూడకుండా పోతదే అనిపించిందండి. నోటికొచ్చిన మాట అనేశాను."

నాయనమ్మ "నాతో చెబితే నేనే కూర్చోబెట్టేదాన్నిగా" అంది.

"మీరు చెబితే అత్తగారి మాట అవుద్దండి. అది రెండ్రోజులే నిలబడుద్ది. పడవ మాటనుకోండి, ఎవరూ కాదనరు."

నాయనమ్మ బావి నీళ్ళ బిందె వంచి, తన గ్లాసుతోనే అతనికి నీళ్ళు ఇచ్చింది. ఆవిడ ఆ గ్లాసు ఎవరికీ ఇచ్చేది కాదు.

తర్వాత ఇంకొన్నేళ్ళు వెళ్ళాం. నిజం అందరికీ తెలుసు, నియమం మాత్రం అలాగే నడిచింది. పెదనాన్న కూడా చివరి ఏడుకు పప్పు గరిటె నుంచి ఊడేలా వండటం నేర్చుకున్నాడు. గట్టు మీదకి వచ్చాక మాత్రం మా ఇంట్లో ఏ మగవాడూ గరిటె ముట్టలేదు, అది కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది. లారీలు ఎక్కువయ్యాక సరుకు పడవలు ఆగిపోయాయి. కూడితే మొత్తం ఎనిమిది ప్రయాణాలు, నలభై రోజులు. దేవుడికి మండలం దీక్ష పడితే పట్టే రోజులు. డెబ్బై మూడేళ్ళు బతికిన మా అమ్మకు తన కోసం దక్కిన కాలం అంతే. కానీ ఆమె పోయేముందు మంచం మీద కళ్ళు మూసుకుని చెప్పుకున్నవి ఆ నలభై రోజుల ముచ్చట్లే. కాలం ఎంత ఇచ్చిందన్నది కాదు, అందులో ఎవరు చోటు చేసిపెట్టారన్నదే చివరికి మిగులుతుందని నాకు అప్పుడు తెలిసింది.

ఆ సరంగు పేరు మేం ఎవరం అడగలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. రోజూ దీపం పెట్టి పెద్దలందరి పేర్లు తలుచుకున్నాక, పేరు తెలియని ఆయనకు కూడా ఒక నమస్కారం పెడతాను. ఇంతదాకా ఓపిగ్గా చదివారు కాబట్టి మిమ్మల్నీ ఒకటి వేడుకుంటున్నాను. ఈ పూట మీ ఇంట్లో పొయ్యి వెలిగించేటప్పుడు, ఆ మనిషిని ఒక్క క్షణం తలుచుకోండి.