ముగ్గు మీద కూత

వదిన మోకాళ్ళ మీది పాత మచ్చల్ని మా ఇంట్లో మొదట చూసింది నేనే. కాళ్ళకు పసుపు రాస్తూ, "ఏంది వదినా, చిన్నప్పుడు మస్తు పడ్డవా?" అని అడిగాను. "పడలే, పడగొట్టిన" అంది. అప్పటికింకా కొత్త పెళ్ళికూతురు, తల ఎత్తి మాట్లాడితే తప్పనుకునే రోజులు. ఆ ఒక్క మాటతో నేను ఆమె పార్టీలో చేరిపోయాను.

ఆమె పుట్టిల్లు శామీర్‌పేట చెరువు కింది ఊరు. వాళ్ళ నాయిన చెరువులో చేపలు పట్టేవాడు. బడిలో ఉన్నన్నాళ్ళూ ఆమె కబడ్డీ ఆడింది, పెళ్ళితో మానేసింది. మాది గౌడవెల్లి. కాస్త పొలం, రెండు బర్రెలు, అన్నకు మేడ్చల్‌లో ఫ్యాక్టరీ పని. కొన్నాళ్ళకు వదిన కూడా మందుల కంపెనీలో ప్యాకింగు పనికి కుదిరింది. తెల్లవారే షిఫ్టుకు పోయి, పొద్దు వాలకముందే బస్సు దిగేది.

ఆ వేళకు మేం కొందరం ఆడపిల్లలం ఊరి కల్లంలో ఉండేవాళ్ళం. కల్లమంటే వెనకటికి ఊరంతా వరి కొట్టుకున్న జాగా. మిషన్లు వచ్చాక ఆ పని పొలంలోనే అయిపోయేది, వడ్లు తారురోడ్డు మీద ఎండేవి, రోడ్డు పక్క కల్లం ఖాళీగా పడి ఉండేది. అక్కడ మేం ఆడేదాన్ని కబడ్డీ అనడం కూడా పాపమే. జడలు లాక్కోవడం, గిచ్చుకోవడం, ఎవరో ఒకరు ఏడుస్తూ ఇంటికి పోవడం. ఒకరోజు వదిన టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని కాసేపు చూసింది. ఇక ఉండబట్టలేక, "చెయ్యి పట్టుకుంటె గుంజుకపోతది. మడిమ పట్టుండ్రి. పట్టినంక సచ్చినా ఇడువకుండ్రి" అంది. ఆ మాట విని నేను పట్టిన పట్టుకు ఎదుటి పిల్ల నిలబడ్డచోటే కూలబడింది. ఆ మర్నాటి నుంచి వదిన బస్సు దిగితే నేరుగా కల్లానికే వచ్చేది.

అమ్మ ఊరుకుంటుందా? "నేర్పుడైతే నేర్పు. నువ్వు మాత్రం దుంకకు. ఇంటి కోడలు ఎగురుతాంటే ఊరంత పండ్లికిలిస్తది" అంది. వదిన ఒప్పుకుంది. అప్పటినుంచి గీత అవతల నిలబడే నేర్పింది. కానీ మేం ఎడమకు తప్పుకుంటే ఆమె ఒళ్ళూ ఎడమకు ఒరిగేది, మేం కూత ఆపితే ఆమె ఊపిరీ ఆగేది. అంత ఆట తెలిసిన మనిషి గీత దాటకుండా నిలబడడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. అమ్మతో పోట్లాడాను కూడా. "నీకు పెండ్లయినంక గీ ముచ్చట నీ అత్తకు జెప్పు" అని నోరు మూయించింది.

వదిన నేర్పే తీరే వేరు. నోటినిండా నీళ్ళు పుక్కిట పట్టి కల్లం చుట్టూ ఉరకాలి. వచ్చాక ఆమె ముందు ఆ నీళ్ళు ఉమ్మి చూపించాలి. ముక్కుతో ఊపిరి తీయడం అలా అలవాటవుతుందట, వాళ్ళ బడిలో అలాగే నేర్పారట. నేను సగం దూరంలోనే గటగటా తాగేసి, ఉత్త నోరు ఉబ్బించుకుని వచ్చేదాన్ని. ఆమె నా బుగ్గను వేలితో పొడిచి నవ్వేది. ఎవరినీ తిట్టగా నేను వినలేదు. తిట్టకుండా పిల్లల చేత పని చేయించగలిగిన మనిషిని అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాత నేను పనిచేసిన చోట్ల కూడా ఎక్కువమందిని చూడలేదు.

ఇలా ఉండగా ఊరి పెద్దమనిషి ఒకాయన కన్ను కల్లం మీద పడింది. పంచాయతీలో ఆయన మాటకు ఎదురు లేదు. గుండ్లపోచంపల్లి దాకా గోదాములు లేస్తున్న రోజులవి, రోడ్డు పక్క జాగా అంటే బంగారం. కల్లంలో మడిగెలు కట్టి దుకాణాలకు అద్దెకివ్వాలని ఆయన పట్టు పట్టాడు. అదే సమయంలో మేడ్చల్ హైస్కూలు వ్యాయామం సారు వదినకు ఒక దారి చెప్పాడు. ఊళ్ళలో ఆటస్థలాలకు జిల్లా క్రీడల ఆఫీసు గ్రాంటు ఇస్తోందనీ, ఆడపిల్లల జట్టు ఉంటే ముందు చూస్తారనీ, ఒకసారి గ్రాంటు వచ్చిందంటే ఆ జాగా ఆటలకే రాసి ఉంటుందనీ చెప్పాడు. వదిన సెలవు దొరికినప్పుడల్లా ఆ ఆఫీసు చుట్టూ తిరిగింది. అన్న విసుక్కున్నాడు. "ఎందుకింత పరేషాన్? పోతే పోనీ" అన్నాడు. "మొగపిల్లలైతె రోడ్డు మీద గూడ ఆడుతరు. గీ జాగ పోతె ఆడపిల్లలకు ఊర్ల ఇంకో జాగ లేదు" అంది. అది నిజమని అన్నకూ తెలుసు.

చివరికి ఆఫీసు నుంచి ఒక మేడమ్ చూడ్డానికి వస్తుందని కబురు వచ్చింది. ఆమె ఆట చూడాలి, జాగా చూడాలి, బాగుంటేనే గ్రాంటు. బాగా లేదంటే ఆ సాయం ఇంకో ఊరికి పోతుంది, కల్లంలో మడిగెలు లేస్తాయి. మేడమ్‌కు దారి చూపించడానికి వదిన పొద్దున్నే మేడ్చల్ పోతూ, "అత్తమ్మా, మేమొచ్చేసరికి కల్లం జర శుభ్రం జేపియ్యి" అని చెప్పింది.

అమ్మకు శుభ్రం అనే మాట చెప్పి వదిలేయకూడదు. ఆమె వాడకట్టు ఆడవాళ్ళందరినీ పోగేసింది. బకెట్లతో పేడనీళ్ళు తెచ్చి కల్లమంతా అలికించింది. ముందురోజు మేం వేసుకున్న సున్నపు గీతలు ఆ పేడ కిందికి పోయాయి. దాని మీద ముగ్గులు! మూల మూలకూ తీగలు, తామరలు, నక్షత్రాలు. నడిమి గీత ఉండాల్సిన చోట ఇంటి గుమ్మమంత పద్మం, దాని మధ్య తమలపాకులో పసుపు గౌరమ్మ, కుంకుమ, బంతిపూలు, ఊదుబత్తీలు. "సర్కారు మనిషి వస్తాంటె మంచిగ కావాలని మొక్కుకోవద్దా?" అంది అమ్మ. ఎవరికీ అనుమానం రాలేదు. నాకైతే అసలు రాలేదు, ఎందుకంటే నేను ఓ పక్క నెమలి వేయడంలో మునిగి ఉన్నాను. అది కోడిలా వచ్చింది, అది వేరే సంగతి.

జీపు వచ్చి ఆగింది. వదిన దిగి కల్లం చూసింది. ఆమె ముఖంలో రంగు పోవడం నేను దూరం నుంచే చూశాను. అప్పుడు వెలిగింది నాకు బుర్రలో. మేం జట్టంతా చున్నీలు నడుముకు బిగించుకుని, ముగ్గు తొక్కకుండా ఒక అంచున బారులు తీరి నిలబడి ఉన్నాం. పసుపు కుంకుమల మీద కాలు పెట్టే ధైర్యం మాలో ఎవరికుంది?

"చాలా బాగుంది. గ్రౌండు ఎక్కడమ్మా?" అని అడిగింది మేడమ్.

తెల్లచొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్న పెద్దమనిషి ఆ సందు వదులుకోలేదు. "గిదే మేడమ్ మీకు సూపెడుతాన్న జాగ. సూస్తున్నరు గదా, గిది పూజల జాగ. మా ఆడోళ్ళు గౌరమ్మను వెట్టి మొక్కుకునే తావు. గీడ ఆటలేంది? ఎవరో తెలువక అర్జీ రాసిన్రు" అన్నాడు.

మేడమ్ గడియారం చూసుకుంది. "ఆట చూడకుండా నేనేమీ రాయలేను. ఇంకో ఊరికి కూడా పోవాలి" అంది.

వదిన స్థానంలో నేనుంటే అమ్మ మీద అరిచి, ఏడ్చి, కల్లం దద్దరిల్లేట్టు చేసేదాన్ని. నెలల తరబడి తిరిగిన తిరుగుడు కళ్ళముందే పేడనీళ్ళ పాలవుతుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? వదిన అమ్మ దగ్గరికి వచ్చింది. అప్పటికి అమ్మకూ తను చేసింది అర్థమైంది. "అత్తమ్మా, మస్తు మంచిగ జేసినవ్" అంది వదిన. "ఇగ గౌరమ్మను జర పక్కకు కూసోవెట్టు. ఆమె గూడ ఆట సూడాలె గదా."

ఈ మాట ఆమెకు ఎలా తోచిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తప్పు ఎవరిదన్న మాటే రానీయలేదు. అమ్మ వెంటనే నడుం బిగించి, నమస్కారం పెట్టి, గౌరమ్మను ఆకుతో సహా రెండు చేతుల్తో ఎత్తింది. నేరుగా పోయి మేడమ్ పక్క కుర్చీలో పెట్టింది. ఆ కుర్చీ పెద్దమనిషి కోసం వేసింది. ఆయన మింగలేక కక్కలేక నిలబడే ఉన్నాడు.

గౌరమ్మ లేచింది గానీ మా కాళ్ళు లేవలేదు. ముగ్గు ముగ్గే కదా. "నిలవడ్డరేందే, జల్దీ పోండ్రి" అని అమ్మ కసిరినా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అమ్మ మా వైపు చూసింది, కుర్చీలో గౌరమ్మ వైపు చూసింది, ఆఖరికి వదిన వైపు తిరిగింది.

"నువ్వు పో పిల్లా ముందుగాల. కుడికాలు వెట్టి పో."

"నేనా అత్తమ్మా?"

"నా ఇంట్ల తొలుత అడుగు వెట్టిచ్చింది నేనే గదా. పో."

వదిన చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. నేల తాకి కళ్ళకద్దుకుంది. కుడికాలు పద్మం మీద పెట్టి, కూత అందుకుంది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. అన్నేళ్ళ తర్వాత కూడా ఆ గొంతులో ఎక్కడా తడబాటు లేదు. మేం అటు పక్కకు దూకాం, ఇక ఎవరికి ముగ్గు గుర్తుంది? ఆమె చెయ్యి ఎప్పుడు తగిలిందో తెలియకుండానే ఇద్దరు అవుటయ్యారు. నేను ఆమె నేర్పినట్టే మడిమ పట్టాను, ఉడుంపట్టు పట్టాను. ఆమె నన్ను కూడా ఈడ్చుకుంటూ పోయి, ఊపిరి ఇంకా మిగిలి ఉండగానే పద్మం అవతలి నేలను తాకింది. నా నెమలి మీదుగానే ఈడ్చింది. లేచి చూసుకుంటే అందరి మోచేతుల నిండా పేడ, ముగ్గుపిండి. ఆ తర్వాత మేం రెండు జట్లుగా ఆడాం. మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుంది, గడియారం మళ్ళీ చూడలేదు.

ఆట అయ్యాక ఆమె లేచి, "జట్టు సంగతి నేను కళ్ళారా చూశాను. ఈ జాగా ఆటలకే ఇస్తామని ఊరు ఒప్పుకోవాలి" అంది.

"అది కుదరదు మేడమ్. మడిగెలు గడ్తె పంచాయతీకి నాలుగు పైసల ఆమ్దానీ వస్తది" అన్నాడు పెద్దమనిషి.

అమ్మ ముందుకు వచ్చింది. "ఇందాక నువ్వే గదనే అంటివి పూజల జాగ అని? అమ్మ కూసున్న తావుల మడిగెలు గడ్తవా? కట్టు. ముందుగాల గౌరమ్మకు జెప్పి కట్టు" అంది. ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. ఆయన కుర్చీలో ఉన్న గౌరమ్మను చూశాడు. కుక్కిన పేనులా సరేనని తల ఊపాడు.

మేడమ్ నవ్వాపుకుని, "గ్రాంటు ఒకరి బాధ్యత మీద ఇస్తాం. ఎవరి పేరు రాయమంటారు?" అని అడిగింది. "నాదే రాయుండ్రి" అన్నాడాయన, అంత జరిగాక కూడా. "పిల్లలకు నేర్పింది ఎవరో వాళ్ళ పేరు కావాలి" అంది మేడమ్. "గామె కోడలు" అని ఆడవాళ్ళు అమ్మను చూపించారు. "పేరు?" అంటే ఒకరినొకరు చూసుకున్నారు. ఫలానా ఆయన భార్య అంది ఒకామె, శామీర్‌పేట పిల్ల అంది ఇంకొకామె. రోజూ ఆమెను చూసే మనుషులే, ఆమె చేత తమ బిడ్డలకు ఆట నేర్పించుకున్నవాళ్ళే. వదిన నోరు తెరిచేలోగా అమ్మ గొంతు వినిపించింది. పుట్టింటి ఇంటిపేరుతో సహా, వదిన పేరు కల్లమంతా వినబడేట్టు చెప్పింది. నాకు తెలిసి అమ్మ ఆ పేరు పలకడం అదే మొదలు. ఇంట్లో ఎప్పుడూ "ఓ పిల్లా" అనేది.

కొంతకాలానికి గ్రాంటు వచ్చింది, వదిన పేరు మీదే. ఎర్రమట్టి పోయించి చదును చేయించింది, రోడ్డు వైపు ఇనుప తీగల జాలీ కట్టించింది, ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి చిన్న గది వేయించింది. ఇవాళ చుట్టూ గోదాములున్నా ఆ జాగా ఆటదే. కొత్త మట్టి మీద మొదటిసారి ఆడబోయే సాయంత్రం, అమ్మ కూడా వచ్చి గది అరుగు మీద కూర్చుంది. వదిన ఆమె పక్కన చేరి, ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్నది అడిగింది.

"అత్తమ్మా, నా పేరు నీకు యాదికున్నదా ఇన్నొద్దులు?"

అమ్మ ఆమె వైపు తిరగలేదు, మా ఆట వైపే చూస్తోంది. "ఊరు మరిస్తె మర్శింది" అంది. "నన్ను నమ్ముకొని నీ తల్లి ఇడిసిపెట్టిపోయిన పిల్లవు. నీ పేరు నేనెట్ల మరుస్తనే?"

వదిన చాలాసేపు చీరకొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది. అమ్మ ఆమె భుజం మీద ఒక్క తట్టు తట్టి, "ఏడ్సింది సాలు తియ్యి, కూతకు పో" అంది.