తలుపు బయట విడిచిన చెప్పులు

2023లో పలాసలో, ఒక మందుల షాపు మేడ మీద గది అద్దెకు తీసుకుని కౌన్సెలింగ్ సెంటర్ పెట్టాను. మా నాన్నది టెక్కలిలో బట్టల కొట్టు. ఖాళీ కొట్టు మెట్టు ఎవరూ ఎక్కరని, బేరం లేని పూట చుట్టాలనైనా కూర్చోబెట్టేవాడు. ఆ బుద్ధే నాదీ.

ఒక సోమవారం, వచ్చినవాళ్లవీ వెంట వచ్చినవాళ్లవీ కలిపి నా తలుపు ముందు ఏడు జతల చెప్పులు చేరాయి. నా కళ్లకు అది పెళ్లివారు దిగిన కొట్టు. ఫొటో తీసి సెంటర్ ఫేస్‌బుక్ పేజీలో పెట్టేశాను. మొహాలు లేవు, పేర్లు లేవు. కాన్ఫిడెన్షియాలిటీ, అంటే వచ్చినవారి సంగతి గది దాటనివ్వకపోవడం, భద్రంగానే ఉందనుకున్నాను. లైకులు లెక్కపెట్టుకుని మురిశాను కూడా.

మర్నాడు లక్ష్మి (అసలు పేరు కాదు) కూర్చోకుండానే ఫోన్ నా ముందుకు తోసింది. ఉద్దానం తీరంలో చేపలు పట్టే కుటుంబం ఆమెది. పానిక్ అటాక్స్, అంటే ఉన్నట్టుండి గుండె దడదడలాడి ప్రాణం పోతుందనిపించే భయం, ఆమెకు ఉన్నాయి. నెల రోజులుగా నా దగ్గరికి వస్తోంది. ఇంట్లో మాత్రం పళ్ల డాక్టరని చెప్పింది.

"ఏటి మేడమ్ ఇది? నా సెప్పులు నీ కొట్టుకి బోర్డా?"

"మొహం లేదు కదమ్మా, ఎవరు గుర్తుపడతారు?" బేరానికి దిగాను.

"తెగిన బద్దీకి నీలం వలతాడు కట్టింది మా ఆయనే. తన ముడి తనకి తెలీదేటి? పిచ్చి డాక్టరు కాడికెల్తన్నావా అని అడుగుతన్నాడు. మా అత్త సెవిన పడితే నన్నింక గుమ్మం దాటనిత్తాదా?"

ఆ ఒక్క జత కత్తిరించి మిగతా ఫొటో ఉంచుదామా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆమె ఎదుటే ఫొటో తీసేసి, "తప్పు నాది" అన్నాను. ఆమె ఫోన్ తీసుకుని మెట్లు దిగిపోయింది.

ఫోన్ చేద్దామని ఎన్నిసార్లు అనిపించిందో. ఆ ఇంట్లో ఎవరెత్తుతారో తెలియదు, చేయలేదు. చెప్పుల స్టాండు గది లోపలికి మార్చాను. పేజీలో నా ఫొటో, చదువు, చిరునామా, వేళలు తప్ప అన్నీ తీసేశాను.

మూడు వారాలకు లక్ష్మి వచ్చింది. భర్త మెట్ల కింద నిలబడ్డాడు.

"దడ తగ్గితే సాలన్నాడు మేడమ్. అత్తకి మాత్రం నాకింకా పన్ను నొప్పే."

ఇప్పటికీ మార్కెటింగ్ వాళ్లు "క్లయింట్లతో ఒక్క రీల్ పెట్టండి, జనం విరగబడతారు" అంటారు. ఆ ఒక్క బేరం నేను ఆడను. మనిషికి ఏది ఆనవాలో తేల్చాల్సింది నేను కాదు, ఆ మనిషే.

ఇది అచ్చుకు పంపే ముందు లక్ష్మికి చదివి వినిపించి, సరేనా అని అడిగాను.

"తాడు రంగు మార్సీ మేడమ్. ఇంట్లో సెప్పిన డాక్టర్ని కూడా."

బేరమాడలేదు. రెండూ మార్చాను.